తవుడు

నాకు ముందు పుట్టినోల్లిద్దరూ దక్కనేదని
పురిట్లోనే నన్ను పక్కింటోల్లకిచ్చీసి
సేటెడు తవుడు పెట్టి మల్లీ కొనుక్కుందంట మాయమ్మ.
అందుకే తవిటమ్మని.
నలభయ్యారేల్లకి
ఆ తవుడు నా ఒంట్లోంచి రాలడం మొదలెట్టినాది.

ముందు మోసేతుల కాడ, రూపాయి బిల్లంత.
తరవాత తల్లోన, సెవుల యెనకాల, నడుం మీద.
గోకితే తెల్లటి పొట్టు, కింద ఎర్రటి సెమ్మ.

కాశీబుగ్గ జీడి బట్టీల పనోల్లం కదా,
జీడి సమురు పడినాదేమో అన్నారందరూ. నానూ అనుకున్నాను.
సమురు మచ్చయితే నల్లగుంటాది, వారానికి వొలిసిపోతాది.
ఇది ఆరేల్లయినా పోనేదు.
వేపాకు నూరినాను. బారువెల్లి సముద్రంలో ములిగినాను.
మందసలో ఒకాయనిచ్చిన పసరు తాగి
మూడ్రోజులు వాంతులు.

మేస్త్రీ దాలినాయుడు మంచోడే.
"పప్పులోన నీ పొట్టు పడతాదే అప్పా" అనీసి
పొట్టుతీత బల్ల కాణ్ణించి లేపీసి
బాయిలరు కాడ ఏసినాడు. కూలి తగ్గినాది.
గున్నమ్మ నా టీ గలాసు తీసికెల్లి
కిటికీ మీద ఒక్కదాన్నే పెట్టినాది.
ఏటీ అన్నేదు. పెట్టినాదంతే.
ఆ కిటికీ నాకు కల్లోకొచ్చీది.

పెల్లిల్లకి ఎల్లడం మానీసినాను.
సీకటడితేనే బజారు.
రాత్రి నిద్దర్రాక డబ్బాలో అటుకులూ బెల్లమూ తినీదాన్ని.
ఒల్లొచ్చినాది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.
పోయిన వానల కాణ్ణించి పొద్దున్నే యేల్లు ముడుసుకోవు,
ఉంగరం యేలు సక్కెరకేలి పిందెలాగ వాసినాది,
గోల్లమీద సూదితో పొడిసినట్టు గుంటలు.
వయసనుకున్నాను.
మోసేతికీ యేలికీ సుట్టరికం ఉంటాదని
ఎవులు సెప్పినారు నాకు?

పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగి
ఆటోలో సీకాకులం పెద్దాసుపత్రి.
డాక్టరమ్మ సిన్నపిల్ల.
తొడుగుల్లేకండా పట్టుకుంది నా సెయ్యి.
ఏటడిగినా రెండు నిమసాలు నోరు పెగల్నేదు నాకు.

మచ్చ సూపిత్తే మోకాల్ల గురించి అడుగుతాది.
నిద్ర గురించి, ఆయాసం గురించి.
"ఎందుకు బతకడం అనిపిస్తోందా ఎప్పుడైనా?" అని
మెల్లగ, కాయితం మీంచి తలెత్తకండా.
సేతికి పట్టీ సుట్టి బీపీ సూసింది. రక్తం తియ్యమంది.
మా ఉద్దానపోల్లకి రక్తమంటే ఒకటే గేపకం.
"కిడ్నీయా అమ్మా?"
"కాదు. షుగరూ కొవ్వూ చూద్దాం.
ఇది చర్మం దగ్గర ఆగే జబ్బు కాదమ్మా.
లోపల రాజుకుంటోంది, పైన కనబడుతోంది.
కీళ్లలోనూ అదే సెగ. గుండెకీ తగలొచ్చు.
ఎవరికీ అంటుకోదు."

సదువు నేదు గాని నాకెంటనే తెలిసిపోనాది.
ఇరవయ్యేల్లు పప్పు ఏరినదాన్ని.
మీద నల్లసుక్క కనపడితే
సుక్క గీరీసి గుండుల్లో కలిపీము కదా,
బద్దలు ఇప్పి సూత్తాం,
పురుగు ఎందాకా ఎల్లిందో.
నన్నెవులూ ఇప్పి సూన్నేదు ఆరేల్లు.
నానూ గీరుకుంటా కూకున్నాను.

మాత్తర్లిచ్చింది. ఒకటి వారానికొక్కసారే,
రోజూ ఏసుకుంటే పేణం మీదకొత్తాదని
మూడుసార్లు నాసేత సెప్పించింది.
మంగళారం. మంగళారం. మంగళారం.
మచ్చలు పోతాయా అంటే
"తగ్గుతాయి. మళ్లీ రావొచ్చు" అంది.
అబద్ధం ఆడనందుకు కోపమొచ్చినాది.

తిరుగు బండిలో
ఒల్లోన రాలిన పొట్టు దులపబోయి ఆగినాను.
సేటెడుంటాదా ఈపాటికి? మాయమ్మ అప్పు తీరుంటాది.
గున్నమ్మతో ఏటనాలో మాట కట్టుకుంటంటే
పలాస వొచ్చీసినాది.
మెట్టు కాడ మోకాలు వొంగక నిలబడిపోతే
కిందనించి ఎవులో కుర్రోడు సెయ్యందించినాడు.

నా సేతికేసి సూసుకున్నాను.
ఇచ్చీసినాను.